కడగని కట్ట

సరస్సు గట్టు, రేకుల గది
జూన్ 11

వదినా,

చేతులు కడుక్కుని ఈ ఉత్తరం తెరిచావనీ, చదివాక మళ్లీ కడుక్కుంటావనీ నాకు తెలుసు. ఈసారి నిజంగానే కడుక్కో. ఈ కాయితం బురదలో ఒకసారి పడి లేచింది.

చిత్తడి కాపలా ఉద్యోగం అంటే పిట్టల్ని చూస్తూ కూర్చోవడం అనుకుని వచ్చాను. చూస్తున్నది జలగల్ని. పొద్దున బూట్లు తొడుక్కుంటే సాయంత్రానికి వాటిలోంచి నీళ్లు, నాచు వస్తాయి, ఒకసారి చచ్చిన చేపపిల్ల వచ్చింది. కుళ్లిన గుడ్ల కంపు జుట్టుకు పట్టేసింది. ఫోను పలకదు. సరుకుల పడవ వారానికోసారి వస్తుంది, ఉత్తరాలు దాంట్లోనే.

అసలు పనికి వస్తాను. దిగువ గట్టున ఒక గడ్డి లేచింది. నాలుగేళ్ల కింద చాపంత ఉండేదట, ఇప్పుడు మైలు పొడవుంది. ఎక్కణ్ణించో వచ్చిపడిన జాతి. పడవవాళ్లు దొంగరెల్లు అంటారు. దాని మధ్యలోకి కప్ప కూడా దూరలేదు, కింద నీళ్లు నల్లగా కుళ్లిపోతున్నాయి. దాన్ని పీకేయాలి, అందులో ఎవరికీ అనుమానం లేదు. తంటా అంతా ఎగువ గట్టు గడ్డితో. అదే ఎత్తు, అదే ఆకు, అదే కంకి. అది మన పాతరెల్లు, దాని జోలికి పోవద్దంటాడు పడవ తాత. ఆఫీసు వాళ్లు తాత మాట వింటారా? మీ మ్యూజియం నుంచి సంతకం ఉన్న కాయితం కావాలంటున్నారు.

అందుకే రెండు కట్టలు పంపుతున్నాను, వేళ్లతో సహా. ఎర్రదారం ఎగువ గట్టుది, నల్లదారం దిగువ గట్టుది. నాకైతే రెండూ వేరే అనిపిస్తోంది. ఆకు కాండాన్ని వదిలే చోటు ఉంటుంది చూడు, మెడలాగా, అక్కడ దొంగరెల్లుకు వేలు పెడితే నున్నగా జారిపోతుంది. ఎగువ గట్టు దానికి పెడితే పిల్లి చెవిలో వేలు పెట్టినట్టుంటుంది. గడ్డి ఏదో తేల్చే మీ పెద్దాయనతో ఈ మాట చెప్పు.

నీ ఆడపడుచు

*

మ్యూజియం, ఎండుమొక్కల గది
జూన్ 30

బురదమ్మా,

నీ పార్సిల్ విప్పగానే నా ఇద్దరు గుమాస్తాలూ టీ గ్లాసులు పట్టుకుని వరండాలోకి పరుగెత్తారు. నేను ఉన్నాను. జీతం తీసుకుంటున్న పాపానికి. ఎర్రదారం కట్టలోంచి ఒక నత్త, నల్లదారం కట్టలోంచి కాళ్లు లెక్కపెట్టలేని పురుగొకటి దిగి నా బల్ల మీద షికారు చేశాయి. రెండు రోజులు అన్నం సయించలేదు. మీ అన్నతో చెబితే, "దానికి చిన్నప్పట్నించీ అంతే, బురద కనబడితే చెప్పులు విప్పేసేది," అని నవ్వాడు. కడిగేది ఆయన కాదుగా.

పదకొండేళ్లుగా చేస్తున్నట్టే చేశాను. కాండం కాండాన్నీ కుళాయి కింద పట్టి, స్పిరిట్‌లో ముంచిన పళ్లబ్రష్షుతో కణుపులూ ఆకుల మెడలూ తళతళలాడేదాకా రుద్దాను. తరువాత చెక్కల మధ్య ఒత్తి, ఆరబెట్టి, షీటు మీద కుట్టాను. దేశాలు తిరిగొచ్చిన వాళ్లు కూడా నా షీట్లు చూసి, ఇంత శుభ్రంగా ఎక్కడా చూడలేదంటారు. వేళ్ల ముద్దలు షీటు మీద పట్టవు. వాటిని పటకారుతో పట్టుకుని కిటికీలోంచి వెనక మురికికాలువలోకి విసిరేశాను. దేని చోటు దానిది.

ఒక్కటే బాధ. నీ కట్టలు కడిగిన రోజు నుంచి కుళాయి కింది తొట్టి జాలీకి తెల్లటి బూజు పట్టింది. వేడినీళ్లు పోసినా వదలడం లేదు.

ఇక ఫలితం. పెద్దాయన రెండు షీట్లూ పక్కపక్కన పెట్టుకుని గంటసేపు భూతద్దం పట్టారు. రెండూ ఒకటే, రెండూ దొంగరెల్లే. మన పాతరెల్లు మెడలో తెల్లటి నూగు ఉంటుందట, ఈ రెండింటికీ లేదు. సంతకం పెట్టిన కాయితం మీ ఆఫీసుకు వెళ్లింది. నీ పిల్లి చెవి సంగతి చెప్పాను. "మీ ఆడపడుచు గారి వేలిని కూడా షీటు మీద కుట్టి పంపమనండి, చూద్దాం," అన్నారు. నవ్వాపుకోలేకపోయాను, ఏమనుకోకు.

వదిన

*

సరస్సు గట్టు
ఆగస్టు 14

వదినా,

నవ్వండి, నవ్వండి. ఇక్కడ నవ్వు రావడం లేదు.

కాయితం వచ్చిన మర్నాడే ఎగువ గట్టు నుంచి మొదలుపెట్టమన్నారు. అక్కడ నీళ్లు లోతు లేదు, పని తేలిక. కొడవళ్లతో మొదలు దాకా కోసి, వేళ్లు కూడా కుళ్లిపోయేలా పైన నల్ల ప్లాస్టిక్ పట్టా కప్పుతున్నాం. పట్టా కింద ఎండకు అన్నీ ఉడుకుతాయి. నిన్న ఒక అంచు ఎత్తి చూశాను. వేళ్లు, నత్తలు, గుడ్లు అన్నీ కలిసి ఒకే ముద్ద. వాంతి చేసుకున్నాను. ఇన్నాళ్లూ రోత బురదదనుకున్నాను. ఇప్పుడు నా చేతులు చూస్తే వస్తోంది.

గుడ్లు అన్నాను కదా. ఇక్కడ గుప్పెడంత గోధుమ రంగు పిట్ట ఉంది. మూడు కాండాల్ని దగ్గరికి లాగి, మధ్యలో గిన్నెలాంటి గూడు కడుతుంది. అన్నీ ఎగువ గట్టునే. దిగువ గట్టున ఒక్క గూడు లేదు, కాండాల మధ్య దానికి సందే దొరకదు. రెండూ ఒకటే గడ్డి అయితే ఆ పిట్టకు ఎలా తెలిసింది వదినా? పెద్దాయనకు తెలియంది?

పడవ తాత నాతో మాట్లాడటం మానేశాడు. మొన్న నా పడవను ఒడ్డుకు లాగుతూ, "కాయితం నీళ్లలో వేసి చూడు తల్లీ, మొలుస్తుందేమో," అన్నాడు. అంతే.

ఎగువ గట్టు గడ్డి ఇంకో కట్ట పంపుతున్నాను, ఎర్రదారమే. మళ్లీ చూడమను. మెడ దగ్గరే చూడమను.

నీ ఆడపడుచు

*

ఎండుమొక్కల గది
సెప్టెంబరు 5

బురదమ్మా,

చూడమన్నావు, చూశారు. మొదటిసారి సరిగా కడగలేదన్న మాట రాకూడదని ఈసారి రెండుసార్లు కడిగాను. బ్రష్షు కూడా కొత్తది. అద్దంలా వచ్చింది షీటు. పెద్దాయన మళ్లీ గంటసేపు చూశారు. మెడ నున్నగా ఉంది, నూగు లేదు, దొంగరెల్లే. ఇంక ఆ గడ్డి కట్టలు పంపొద్దని కూడా అన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషే ఆయన, ఒప్పుకుంటాను. కానీ ఈసారి నేను కూడా పక్కన నిలబడి చూశాను. నాలుగో కాలు నాకూ కనబడలేదు.

పిట్ట గురించి చదివి బాధపడ్డాను. అయినా నీకు మొదట్నించీ ఇదొక జబ్బు. కుక్క కుంటితే నువ్వూ కుంటావు. ఉద్యోగంలో అలా కుదరదమ్మా.

నాకో మంచి కబురు. నా శుభ్రం పద్ధతిని మిగతా మ్యూజియాల వాళ్లకు నేర్పమన్నారు. అక్టోబరు ఆఖరున ఎనిమిది మంది వస్తున్నారు. గదిని అద్దంలా పెట్టాలి. జాలీలో బూజు మాత్రం నా ప్రాణం తీస్తోంది, నీ రెండో కట్ట తరువాత ఇంకా పెరిగింది. వెనక కాలువలో కూడా ఏదో గడ్డి ఏపుగా లేచి మురికి కదలడం లేదు. వచ్చేవాళ్లు కిటికీ తెరిస్తే నా పరువు ఏం కాను? మునిసిపాలిటీ వాళ్లకు అర్జీ పెట్టాను. మూడు నెలలకు వస్తారట!

వదిన

*

సరస్సు గట్టు
అక్టోబరు 10

వదినా,

నాలుగు ముక్కల్లో రాస్తాను. మూల మీద అర ఎకరం తప్ప ఎగువ గట్టంతా అయిపోయింది. పట్టా తీసిన చోట గట్టు విరిగి నీళ్లలో పడుతోంది. పిట్టలు మూడు రోజులు పట్టాల మీద ఎగిరాయి, ఇప్పుడు కనబడటం లేదు. ఆ అర ఎకరానికి ఏవేవో సాకులు చెబుతున్నాను. కొడవళ్లకు పదును లేదన్నాను, పడవకు చిల్లన్నాను. ఎన్నాళ్లు చెబుతాను? ఈ సరస్సులో పాతరెల్లు ఇంకెక్కడా లేదు.

నేనిప్పుడే గట్టు దగ్గర నుంచి వచ్చాను. యాభై కాండాల మెడలు తడిమాను. ప్రతి దానిలో మెత్తగా తగిలింది. నా వేలికి పిచ్చి పట్టలేదు.

పెద్దాయన్ని అడగొద్దు. నిన్నే అడుగుతున్నాను. నా మీద ఒట్టేసి చెప్పు. నేను పంపిన కాండాల మీద నీకు నూగు కనబడిందా, లేదా?

ఆడపడుచు

*

మ్యూజియం
అక్టోబరు 24

అమ్మాయీ,

నీ ఉత్తరం చేరింది. ఇక్కడ చలి మొదలైంది. మీ అన్నకు జలుబు. నాకు ఎల్లుండి పాఠం, ఊపిరాడటం లేదు.

నువ్వడిగింది చూస్తాను. తొందరపడి ఏమీ రాయలేను, పెద్దాయన కూడా ఊళ్లో లేరు. నువ్వు ఆరోగ్యం చూసుకో. ఆ కంపులో ఉండి ఉండి నీ ఉత్తరాల్లో నలత కనబడుతోంది. నాలుగు మంచి సబ్బులు, రెండు తువ్వాళ్లు పంపుతున్నాను. వాడు.

వదిన

*

ఇంటి నుంచి
నవంబరు 9

అమ్మాయీ,

అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలంటారు. ఆది దాటిపోయింది. ఇప్పుడైనా చెబుతాను, ఆఖరిదాకా చదువు.

అక్టోబరు పంతొమ్మిదిన, వచ్చేవాళ్ల ముందు పరువు పోకూడదని తొట్టి జాలీ ఊడదీశాను. ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆ తెల్లబూజును చాకుమొనతో గీరి కాయితం మీద వేశాను. ఆరింది. బూజు ఆరితే పొడి కావాలి. ఇది దూదిలా విచ్చుకుంది. ఊరికే చూద్దామని భూతద్దం కింద పెట్టాను.

బూజు కాదు. నూగు. తెల్లటి, సన్నటి, బారు నూగు. పాత బ్రష్షు తీసి చూశాను, కుచ్చుల మధ్యంతా అదే. కొత్త బ్రష్షులోనూ అదే. నీ ఎర్రదారం కట్ట రెండుసార్లూ నూగుతోనే నా దగ్గరికి వచ్చింది. నేనే మెడ మెడా రుద్ది దాన్ని బోడి చేసి పెద్దాయన ముందు పెట్టాను. ఆయన ఉన్నది చూశారు. లేకుండా చేసింది నేను. నాలుగు నెలలుగా ఆ జాలీని చూసి ఛీ అనుకున్నదాన్ని, ఛీ అనుకోవాల్సింది దాన్ని కాదు.

నీ ఉత్తరం నాకు చేరే వేళకు ఇదంతా నాకు తెలుసు. తెలిసీ నీకు సబ్బులు పంపాను. ఇరవై ఆరున ఎనిమిది మంది ముందు నిలబడి, అదే బ్రష్షు పట్టుకుని, మెడ దగ్గర ఎలా రుద్దాలో నవ్వుతూ నేర్పాను. చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి స్నానం చేశాను, మళ్లీ చేశాను. ఒంటి మీద మురికి అయితే పోయేది.

పదకొండేళ్ల షీట్లమ్మా. రెండు వేల పైచిలుకు. నేను కడిగి పారేసినవాటిలో ఏమేం పోయాయో ఎవరికి తెలుసు? అందుకే నోరు రాలేదు. అది కారణమే గాని సాకు కాదు. ఈ ఉత్తరం అందగానే కోత ఆపు. ఆ అర ఎకరం పాతరెల్లే. నీ వేలు నిజం చెప్పింది.

వదిన

*

సరస్సు గట్టు
నవంబరు 17

అక్టోబరు 24న నువ్వు నాకు సబ్బు పంపావు.

ఆ పార్సిల్ నెలాఖరు పడవలో వచ్చింది. ఒట్టేయమంటే తువ్వాలు పంపిన మనిషి దగ్గర వేరే జవాబు ఉండదనుకున్నాను. నూగు లేదనే కదా అర్థం? నా వేలి మీద నాకే అసహ్యం వేసింది. సాకులు మానేశాను. నవంబరు అయిదున ఆ అర ఎకరం దగ్గరుండి కోయించాను. మొదటి కొడవలి నాదే. పట్టా కప్పి పదకొండు రోజులయ్యాక నిన్నటి పడవలో నీ ఉత్తరం వచ్చింది.

పరుగెత్తి పట్టా లాగేశాను. చేతులు మోచేతుల దాకా పెట్టి వెతికాను. ఒక్క వేరైనా గట్టిగా తగులుతుందేమోనని. అంతా జారిపోయింది, గోళ్లలోకి నల్లగా ఎక్కింది. నీ సబ్బుతోనే కడుక్కున్నాను. పోలేదు.

ఇప్పుడు రెండు గట్లకీ దొంగరెల్లే గతి. పడవ తాతకు చెప్పాను. ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. నాకు నీ మీద కోపం కాదు వదినా, రోత. రాయడానికి ఇంతకన్నా మంచి మాట దొరకలేదు. కొన్నాళ్లు ఉత్తరాలు రాయకు.

*

మ్యూజియం వెనక వరండా
డిసెంబరు 6

అమ్మాయీ,

రాయొద్దన్నావు. ఇది ఉత్తరం కాదు, పార్సిల్‌తో పాటు వచ్చే చీటీ అనుకో. కానీ పార్సిల్ విప్పే ముందే చదువు.

మొన్న పొద్దున మునిసిపాలిటీ మనిషి పారతో వచ్చాడు. "అమ్మా, కాలువలో గడ్డి తీయమని అర్జీ పెట్టారట," అన్నాడు. నేను కిటికీలోంచి చూశాను. జూన్‌లో పటకారుతో విసిరేసిన వేళ్ల ముద్దలు గుర్తొచ్చాయి. ఎర్రదారం, నల్లదారం, రెండూ. కాలువ నిండా నిలువెత్తు గడ్డి. అతను పార ఎత్తాడు. నేను మెట్లు దిగలేదు, దూకాననే అనాలి.

"ఆగు నాయనా, అందులో ఒకటి నాది," అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూసి, "ఏదమ్మా? అన్నీ ఒకలాగే ఉన్నాయిగా," అన్నాడు. అదే కదా అసలు గొడవ.

కాలువలోకి దిగాను. మోకాళ్ల దాకా వచ్చింది. అందులో ఏమేం ఉన్నాయో రాయను, కబురందుకుని వచ్చిన మీ అన్న ముక్కుకు రుమాలు కట్టుకుని ఒడ్డు మీద నిలబడి నాలుగడుగులు వెనక్కి వేశాడు, దాంతో అర్థం చేసుకో. రబ్బరు తొడుగులు వేసుకుంటే వేలికి ఏదీ తెలియలేదు. విప్పేశాను. ఒక్కొక్క కాండం పట్టుకుని మెడలో వేలు పెట్టడం మొదలుపెట్టాను. నున్నగా. నున్నగా. మళ్లీ నున్నగా. కాలువ మొత్తం దొంగరెల్లే ఆక్రమించింది. మధ్యలో వాంతి చేసుకున్నాను, మూతి తుడుచుకోవడానికి శుభ్రమైన చెయ్యి లేదు. "ఇక రావే, నీ మొహం చూడు," అని అరిచాడు మీ అన్న. చూసుకునే ఓపిక లేదన్నాను.

రెండు వందలు దాటాక లెక్క వదిలేశాను. తూము పక్కన గోడ మూలకు, దొంగరెల్లు నెట్టేస్తే ఒదిగి నిలబడినట్టు, కొన్ని కాండాలు వంగి ఉన్నాయి. మొదటి దాని మెడలో వేలు పెట్టాను.

పిల్లి చెవి.

అమ్మాయీ, నాకు జన్మలో పిల్లిని ముట్టుకోవడం ఇష్టం లేదు, నీకు తెలుసు. ఆ మురికిలో నిలబడి పిచ్చిదానిలా ఏడ్చాను. మొత్తం ఏడు కాండాలు. మోచేతుల దాకా పెట్టి, ఒక్క వేరు తెగకుండా, గోళ్లతో తవ్వి తీశాను. పారతో సాయం చేస్తానన్నాడు అతను, వద్దన్నాను.

ఒక కాండాన్ని బురదతోనే పెద్దాయన బల్ల మీద పెట్టాను. కుర్చీ వెనక్కి జరుపుకుని, "ఇదేమిటమ్మా, కడగకుండా?" అన్నారు. "కడిగితే అబద్ధం చెబుతుందండి," అన్నాను. గొణుక్కుంటూ భూతద్దం పట్టారు. తరువాత తన పాత కాయితం తప్పని కొత్త కాయితం రాసి సంతకం పెట్టారు. ఎవరి వల్ల తప్పయిందో అందులో నేనే పట్టుబట్టి రాయించాను. ఆ ఎనిమిది మందికీ, నేను నేర్పింది మానేయమని ఉత్తరాలు వేశాను. నా రెండు వేల షీట్ల మీదా 'కడిగినది, నమ్మవద్దు' అని నా చేత్తోనే రాస్తున్నాను. ఇప్పటికి మూడు వందలయ్యాయి.

నన్ను క్షమించమని ఇందులో అడగడం లేదు. ఏడు కాండాలు ఎన్నాళ్లకు గట్టవుతాయో, ఆ పిట్ట మళ్లీ వస్తుందో రాదో నాకు తెలియదు. పడవ తాతను అడిగి, ఎక్కడ నాటాలో ఆయన్నే చూపించమను.

గోనెసంచిలో, తడిగుడ్డలో చుట్టి, ఎర్రదారం కట్టాను. కంపు భరించలేకపోతే ముక్కు మూసుకో. లోపల ఏదో పాకుతోంది కూడా, ఏమిటని చూడలేదు. కడగలేదు.

వదిన